ఒప్పుకోని రోడ్డు

“చెంబేదయ్యా?” అన్నాను.

“ఆవిడ దగ్గరుంది. రేపు తెస్తాలే” అన్నాడు.

“అయితే నీళ్ళు కూడా ఆవిడ దగ్గరే తాగు” అన్నాను.

నలభై మూడేళ్ళ కాపురంలో మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవి. ముందు ఇవే రాయి అమ్మాయ్. కథ నడిచేకొద్దీ నాకు సిగ్గేసి వీటిని దాటేస్తానేమో, అందుకే ముందు రాయమంటున్నా. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీంచి వచ్చాడు. దాహంగా ఉందన్నాడు. ఆయన గ్లాసుతో తాగడు, చెంబెత్తి పోసుకుంటేనే తాగినట్టు. నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను, వెనక్కి తిరగలేదు. ఆ మాట అన్నాక కుళాయి తిప్పిన చప్పుడైంది, గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడైంది. పోయి పడుకున్నాడు. నాలుగింటికి టీ పెట్టి పిలిస్తే పలకలేదు.

చదివేవాళ్ళకి తెలియాలి కదా, చెప్పేది నేను, రాసేది మా అన్నయ్య కూతురు. చాండ్లర్ అనే ఊరి నుంచి వారం సెలవు పెట్టుకుని నా కోసం వచ్చింది. నాకు సంతకం వచ్చు, అంతే. నా పేరు తప్ప ఇంకో మాట కనబడితే గుర్తుపట్టలేను. గొంతు ఇట్టా గరగరలాడుతుంటే జలుబనుకోకండి, చిన్నప్పుడు మింగిన తారు పొగ అది. వచ్చే మంగళవారం మా టౌను కౌన్సిల్లో మా రోడ్డు సంగతి వస్తుంది. మా అమ్మాయి నా తరఫున ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మనిషికి మూడు నిమిషాలిస్తారు, తర్వాత ఎర్ర లైటు. మూడు నిమిషాల్లో పట్టేది మా అమ్మాయి చెప్తుంది. పట్టనిది ఇందులో రాయిస్తున్నాను.

మాది రోడ్డు మీద కుదిరిన కాపురం. ఆయన మేస్త్రీ, నేను తట్ట మోసే కూలీని. కంకర పరిచి, తారు పోసి, రోలరు తిరిగాక, సాయంత్రం ఆయన నన్నే కేకేసేవాడు, చెంబుతో నీళ్ళు తెమ్మని. అంతమంది ఆడకూలీలు ఉన్నా నన్నే. నేను రోడ్డు నడిమధ్యన నిలబడి చెంబు వంచేదాన్ని. దారంలాగా సన్నగా వంచాలి. బడబడా గుమ్మరిస్తే నీళ్ళు ఆ ఊపుకే పరిగెడతాయి, రోడ్డు గుణం తెలియదు. ఆయన గొంతుకూచుని నీళ్ళు ఎటు పోతున్నాయో చూసేవాడు. అంచుకి జారిపోతే వాటం ఉన్నట్టు. ఆగితే లేనట్టు. ఆయన నీళ్ళని చూసేవాడు, నేను ఆయన్ని చూసేదాన్ని. మా పెళ్ళిచూపులు అవే.

పెళ్ళికి మా అమ్మ ఒక స్టీలు చెంబు ఇచ్చింది, దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించి. ఆ చుక్కల మీద వేలు పెట్టి దిద్దుకునే నేను సంతకం నేర్చుకున్నాను. మా అమ్మాయి మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు సూట్‌కేసు బరువెక్కువైందని చీరలు తీసి పక్కన పెట్టాను గాని చెంబు తియ్యలేదు.

ఇక ఇక్కడి రోడ్డు సంగతి. ఈ కరొలైనాలో మా ఇళ్ళ పక్కన పైన్ చెట్ల అడవి ఉండేది. ఒక బిల్డరు కొన్నాడు, చెట్లు కొట్టి ఇళ్ళు కడతానన్నాడు. కౌన్సిలు సరేనంది గాని ఒక షరతు పెట్టింది. నీ ఇళ్ళవల్ల కార్లు పెరుగుతాయి కాబట్టి ముందున్న రోడ్డు నువ్వే వెడల్పు చెయ్యాలి, పక్కన నడిచే దారి నువ్వే వెయ్యాలి, మనుషులు దాటడానికి తెల్లచారలూ సిగ్నలూ నువ్వే పెట్టాలి, ఖర్చంతా నీదే అంది. మా ఆయన ఈ పద్ధతి విని మురిసిపోయాడు. మన దగ్గర ఇట్టా ఉంటే ఎన్ని రోడ్లు బతికేవే అన్నాడు.

నాకు ఆ పద్ధతితో పనిలేదు, ఆ తెల్లచారలతోనే పని. రోడ్డుకి అవతల మా తెలుగు చర్చి. ఇంగ్లీషువాళ్ళ చర్చి అది, వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మాకు ఇస్తారు. మేడ మీద మా గది కిటికీలోంచి దాని తలుపు కనబడుతుంది. కనబడుతుంది గాని నడిచి పోలేం, ఆ రోడ్డు మీద కార్లు మనిషిని చూసి ఆగవు. ఆదివారం సరే, అందరం కార్లో పోతాం. బుధవారం పగలు ఆడవాళ్ళ ప్రార్థన ఉంటుంది. అల్లుడికి ఆఫీసు, కూతురికి మీటింగులు. రెండడుగుల దూరానికి ఎవర్ని అడుక్కోవాలి? ఆరేళ్ళ నుంచి ప్రతి బుధవారం కిటికీలోంచి చూస్తున్నాను, ఎవరెవరు వచ్చారో. వాళ్ళ చీరలు కూడా నాకు గుర్తే. దాటే దారి పడితే నా కాళ్ళతో నేను పోతాను. ఈ దేశంలో నేను కోరుకున్నది అదొక్కటే.

రోడ్డు వేశారు. నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆయన ఒక్కసారి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచొచ్చి, “పైన పౌడరు, కింద పుండు” అన్నాడు. సరిగ్గా తెల్లచారలు గీసిన చోటే పల్లంగా ఉందంట. వాన పడితే నీళ్ళక్కడే నిలబడతాయంట. చలికాలం పొద్దున్నకి ఆ నీళ్ళే అద్దంలాగా గడ్డకడతాయి. నా మోకాళ్ళు ముందే అంతంతమాత్రం. ఆ అద్దం మీద కాలు పెడితే నేను చర్చికి పోను, ఆసుపత్రికి పోతాను.

మర్నాటి నుంచి చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, జేబులో సుద్దముక్క వేసుకుని పోయేవాడు. నీళ్ళు పోసి, ఆగినచోట చుట్టూ గీత గీసేవాడు. నేనూ వస్తానంటే మోకాళ్ళ నెప్పి కదా, ఉండు అన్నాడు. సరేనని ఊరుకున్నాను. నాలుగు రోజులకి ఒక తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది.

అందులోంచి ఒక ఆడమనిషి దిగింది. టౌను తరఫున బిల్డర్లు వేసిన రోడ్లు చూసే ఇన్‌స్పెక్టరంట. నారింజరంగు కోటు, మగవాళ్ళ బూట్లు, ఎండకి కమిలిన మొహం, యాభై ఏళ్ళుంటాయి. అంత పొడుగు మనిషి నేను కిటికీలోంచి చూస్తుండగానే రోడ్డు మీద గొంతుకూచుంది. మనవాళ్ళు కూచున్నట్టే, మడమలు నేలకానించి. మా ఆయన నీళ్ళు పోశాడు, ఆవిడ వంగి చూసింది. ఆవిడేదో అంది, ఈయన నవ్వాడు. ఈయనకి ఇంగ్లీషులో ఎస్సు, నో, థాంక్యూ తప్ప రావు. ఏ మాటకి నవ్వాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత వారానికి రెండుసార్లు ఆవిడ రావడం, ఈయన పోవడం. ఒకరోజు ఈయనకీ ఒక నారింజరంగు కోటు తెచ్చిచ్చింది. కార్లకి కనబడాలని ఇచ్చిందే అన్నాడు. కార్లకి కనబడాలో, ఇంకెవరికి కనబడాలో. ఇద్దరూ ఒకే రంగు కోట్లు వేసుకుని రోడ్డు పొడుగునా నడుస్తుంటే కొత్త జంటలాగా ఉన్నారు. నాకు ఆయన పండక్కి తెచ్చిన చీరల రంగు ఎప్పుడూ ఆయన చొక్కాకి కలవలేదు.

ఇక నేను కిటికీ వదల్లేదు. ఆవిడ వచ్చే రోజులే కాదు, ఆయన ఒక్కడే పోయిన రోజులు కూడా చూసేదాన్ని, ఆవిడ ఎప్పుడొస్తుందోనని. ఎక్కడ ఆగాడు, ఎక్కడ పోశాడు, ఎంతసేపు కూచున్నాడు, అన్నీ చూసేదాన్ని. స్టవ్ మీద పప్పు మాడిపోయిన రోజులున్నాయి. ఒకరోజు ఆవిడ చేతిలోకి చెంబిచ్చాడు. ఆవిడ పోసింది, ఈయన కూచుని చూశాడు. ఆ పని నాది అమ్మాయ్. అది నా పని.

ఆ వారమే అన్నం దగ్గర మా అమ్మాయితో అంటున్నాడు. “ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. నేనైతే గట్టిగా చెప్పి ఉంచాను. ఆవిడ గనక ఒప్పుకుందంటే ఇక మన చేతిలో ఏమీ ఉండదు.” డెబ్బై ఏళ్ళ మనిషి, కన్న కూతురు ముందు కూచుని, ఒక ఆడమనిషి ఒప్పుకోవడం గురించి పెరుగన్నం కలుపుకుంటూ మాట్లాడుతున్నాడు. కూతురు కూడా తలూపుతోంది. ఏం ఒప్పుకోలేదంట, ఎప్పుడు ఒప్పుకుంటుందంట, నన్ను ఏ చర్చి ముందు వదిలేస్తారంట అని అడిగాను. పెరుగు గిన్నె కింద పెట్టినప్పుడు కాస్త గట్టిగానే పెట్టాను.

నవ్వీ నవ్వీ మా అమ్మాయికి పొలమారింది. రోడ్డుని ఒప్పుకోవడమంట. బిల్డరు వేసిన రోడ్డుని టౌనువాళ్ళు వచ్చి చూసి, ఆ ఇన్‌స్పెక్టరు బాగుందని రాస్తే, కౌన్సిలు ఓటేసి ఒప్పుకుంటుందంట. ఒప్పుకునేదాకా రోడ్డు బిల్డరుదే. ఎక్కడ గుంటపడ్డా వాడే సొంతంగా పూడ్చాలి, పూచీగా టౌను దగ్గర బాండు కూడా కట్టి ఉంచాడంట. ఒప్పుకున్న మర్నాటి నుంచి రోడ్డు టౌనుది, వాడు బాండు తీసుకుని చేతులు దులుపుకుని పోతాడు. ఆయన కూడా నవ్వాడు. పెళ్ళిచూపుల్లాంటిదేలే, ఒప్పుకున్నాక వంకలు పెట్టడానికి లేదు అన్నాడు. మరి నన్ను ఒప్పుకునేటప్పుడు ఏ చెంబుతో చూశావయ్యా అన్నాను. పెరుగు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

అందరూ నవ్వారు గాని నాకు మంట తగ్గలేదు. రోడ్డు గురించే అనుకో. నాతో ఎప్పుడైనా రోడ్డు గురించి అంతసేపు మాట్లాడాడా? నేనూ మోశాను కంకర. నా అరికాళ్ళ మీద ఇప్పటికీ తారు కాలిన మచ్చలున్నాయి. నన్ను నీళ్ళు పొయ్యమన్నాడు గాని ఏం కనబడిందే అని ఒక్కనాడు అడగలేదు. ఆవిడనైతే వేలితో చూపించి, తలూపి, చేతులు తిప్పి, భాష లేకపోయినా అడుగుతున్నాడు.

తర్వాత కౌన్సిలు మీటింగు వచ్చింది. బిల్డరు రోడ్డు అప్పగిస్తానని అడిగాడంట. ఈయన మాట్లాడతానన్నాడు, మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. నన్ను కూడా రమ్మన్నాడు. నువ్వు రావే, నీ చర్చి దారి గురించే కదా అన్నాడు. ఆవిడ వస్తుందా అని అడిగాను. ఆవిడ రాకుండా ఎట్టా, ఆవిడే కదా రిపోర్టు చదవాల్సింది అన్నాడు. నాకు కడుపునొప్పి అన్నాను. కడుపునొప్పి కాదని ఆయనకి తెలుసు, పోట్లాడకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు.

వచ్చాక మా అమ్మాయి చెప్పింది. మూడు నిమిషాల్లో సగం ఈయన తెలుగుకీ, సగం దాని ఇంగ్లీషుకీ పోయింది. ఈయన పెద్దగా ఏం చెప్పలేదు. ఏ చోట వాటం లేదో చెప్పి, మీరొకసారి చెంబుతో నీళ్ళు పోసి చూడండి, నీళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదు అన్నాడు. కౌన్సిలు మేయరమ్మ నవ్వింది. సరిచేశాక మళ్ళీ చూద్దాం అని వాయిదా వేశారు. మీ నాన్న ఎక్కడ కూచున్నాడే అని అడిగాను. నా పక్కన అంది. ఆయనకి రెండోపక్క? అది ఫోను తీసి చూసుకుంది.

ఆ మర్నాడు మా ఆయన ఒట్టి చేతులతో ఇంటికొచ్చాడు. చెంబు ఆవిడ అడిగిందంట. ఆవిడ దగ్గర ఏవేవో మిషన్లు ఉన్నాయి గాని, ఇంకో చోట ఇంకో బిల్డరు రోడ్డు ఇట్టా చూస్తానందంట. ఇచ్చేశాడు. నా పేరున్న చెంబు, నేను దిద్దుకున్న చెంబు, ట్రక్కులో బూట్ల పక్కన పెట్టుకుని పోయింది. మూడు రోజులు అడిగాను. మూడో రోజు మాటలు మొదట్లోనే రాయించాను.

ఆయన సమాధి కూడికకి ఆవిడ వచ్చింది. నల్లబట్టలు వేసుకుని వెనక బెంచీలో కూచుంది. తెలుగు పాటలు అర్థం కాకపోయినా లేచినప్పుడల్లా లేచింది. ఏడ్చింది కూడా. నాకు ఏడుపు రాలేదు. నేను ఆవిడ చేతులు చూస్తున్నాను, చెంబు తెచ్చిందేమోనని. తేలేదు. ఒట్టి పూలు తెచ్చింది.

రెండు నెలలు గడిచాక, ఒక బుధవారం పొద్దున, తలుపు కొట్టారు. ఆవిడే. చేతిలో చెంబు. మా అమ్మాయి పైన ఫోన్లో ఉంటే కిందికి పిలిచాను. ఆవిడ చెప్పింది మా అమ్మాయి నాకు చెప్పింది. బిల్డరు అక్కడక్కడా అతుకులేసి, అంతా సరిచేశామని రాసిచ్చాడు. మళ్ళీ ఒప్పుకోమని అడిగాడు. ఇవాళ ఆఖరి చూపు. వానలు లేక రోడ్డు ఎండిపోయి ఉంది, సుద్ద గీతలు ఎప్పుడో పోయాయి. ఆవిడ కాగితంలో ఆయన చూపించిన చోట్లు ఆరు ఉన్నాయి, ఆ ఆరూ బిల్డరు బాగుచేశాడు. ఇంకా ఉన్నాయని ఆయన అనేవాడంట, అవి ఎక్కడో ఆవిడకి తెలియదు. ఆయన ఎక్కడైనా రాసిపెట్టాడా అని అడిగింది.

ఆయన రాసిపెట్టే మనిషి కాదు. కానీ ఆవిడకి తెలిసినవి ఆరైతే నాకు తెలిసినవి తొమ్మిది. ఆవిడ లేని రోజుల్లో ఆయన ఒక్కడే పోసిన మూడూ నేను కిటికీలోంచి చూశాను. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం నాకు గొప్ప సంతోషమేసింది. ఆయన సంగతి ఒకటి ఆవిడకి తెలియనిది నాకు తెలుసు. చెప్పకపోతే ఏం పోయింది అని కూడా అనిపించింది. అడుక్కోనీ. తర్వాత కిటికీ గుర్తొచ్చింది. ఆ రోజు బుధవారం, అవతల చర్చి తలుపు ముందు ఆడవాళ్ళు అప్పుడే కార్లు దిగుతున్నారు.

చెంబు ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. తీసుకున్నానంటే, లాక్కున్నాను. కుళాయి కింద పట్టి నింపి, చెప్పులేసుకుని బయల్దేరాను. వెనకాల ఆవిడా, ఆవిడ వెనకాల ఒక బకెట్టు నీళ్ళతో మా అమ్మాయి.

అక్కడ బిల్డరు మనిషి నిలబడి ఉన్నాడు, మట్టి అంటని బూట్లతో. నేను మొదట మలుపు దగ్గర డ్రైనేజీ మూత పక్కన పోశాను. ఆగాయి. తర్వాత కొత్త ఇళ్ళ బోర్డు కింద పోశాను. ఆగాయి. ఆఖరిది తెల్లచారల్లో మూడో చార. ఆవిడ కాగితంలో ఉన్న చోట అతుకేశారు గాని, ఆయన ఒక్కడే పోసిన పల్లం ఆ అతుకు పక్కనే మిగిలిపోయింది. దారంలాగా సన్నగా వంచాను. నలభై ఏళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. నీళ్ళు ఒక జానెడు పోయి, ఏదో గుర్తొచ్చినట్టు నిలబడి, అక్కడే గుండ్రంగా పరుచుకున్నాయి. మేం నలుగురం వాటినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. అవి కదల్లేదు.

బిల్డరు మనిషి ఏదో అన్నాడు. కాసిని నీళ్ళే కదా, ఎండకి ఆరిపోతాయి అంటున్నాడమ్మా అంది మా అమ్మాయి.

“చలికాలంలో వాళ్ళమ్మని తీసుకొచ్చి ఇక్కడ నడిపించమను” అన్నాను.

మా అమ్మాయి దాన్ని ఎంత మెత్తగా మార్చి చెప్పిందో ఏమో గాని, వాడు తల దించుకున్నాడు. ఆవిడ స్ప్రే డబ్బా ఊపి నీళ్ళ చుట్టూ రంగు కొట్టింది. ఈ రంగు వానకి పోదంట. ఒప్పుకోవద్దని రాస్తానంది.

పోయేముందు ఆవిడ నా చేతిలో ఉన్న చెంబు మీద చుక్కలు వేలితో తడిమి, ఇది నీ పేరు కదా అంది. ఆయన చెప్పాడంట. ఇంకోటి కూడా చెప్పాడంట, సైగలతో. ఆవిడ నీళ్ళు గుమ్మరించినప్పుడు కాదు కాదని చెయ్యి అడ్డంపెట్టి, మా కిటికీ వైపు చూపించి, ఆ చెయ్యి, ఆ చెయ్యి అనేవాడంట. సన్నగా పొయ్యడం నాకే వచ్చని.

అంటే నేను కిటికీలో ఉన్నానని ఆయనకి తెలుసు. రోజూ తెలుసు. నలభై మూడేళ్ళు నా చేతి గురించి నాతో ఒక్క మాట అనని మనిషి, ఇంగ్లీషు రాని మనిషి, తెలుగు రాని ఆడమనిషికి దాన్ని చేతులతో చెప్పుకున్నాడు. ఆవిడ అది నాకు సంతోషంగా ఉంటుందని చెప్పింది పాపం. సంతోషమే. కానీ ఆ మాట ముందు విన్నది ఆవిడ, నేను కాదు. దానికి నేనేం చెయ్యను?

చెంబు కాసేపు ఉంచుకోవచ్చా అన్నట్టు చూసింది. ఇవ్వలేదు. బజార్లో దొరుకుతాయని చెప్పమన్నాను మా అమ్మాయితో, షాపు పేరు కూడా చెప్పించాను.

ఇదీ సంగతి. ఇంకా ఒప్పుకోలేదు రోడ్డుని. మంగళవారం కౌన్సిలు ఓటేస్తుంది. బిల్డరు వకీలుని తెస్తున్నాడంట. ఈసారి నాకు కడుపునొప్పి రాదు. ఆయన కూచున్న కుర్చీలో నేను కూచుంటాను, చెంబు ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ పక్కన కూచుంటే కూచోనీ, మధ్యలో చెంబుంటుంది.

ఇక చాలు, వేళ్ళు నెప్పెట్టి ఉంటాయి నీకు. అట్టా ఆ లాప్‌టాప్ తెర ముయ్యకు. మొదట్నుంచి చదివి వినిపించు. ఆ మొదటి మూడు మాటలూ మెల్లగా చదువు, మధ్యలో ఆపి. ఆయనది ఆయన అన్నట్టు, నాది నేనన్నట్టు. అత్త కదాని నా మాట మెత్తగా రాసి ఉంటావు నువ్వు. చదువు, చూద్దాం.